ఈగా, తేనెటీగా? బందరు కాలువ గట్టున తీసిన ఫొటోతో తంటా

పటమట కుర్రాడు:
బందరు కాలువ గట్టున గడ్డిపూల మీద పసుపు, నలుపు చారల పురుగు కనిపించింది. గాల్లో ఒకేచోట ఆగి, చటుక్కున పక్కకి జరుగుతుంది. మొబైల్‌కి క్లిప్ లెన్స్ పెట్టి తీశా. ఫొటో చూసి జీవి పేరు చెప్పే ఐనాచురలిస్ట్ యాప్‌లో పెడితే ఒక్కో ఫొటోకి ఒక్కో పేరు చెబుతోంది. మీరంతా ఎలా తేల్చుకుంటున్నారు?

రెక్కలపిచ్చి:
అలా ఆగి ఎగిరేది చాలావరకు హోవర్‌ఫ్లైయే తమ్ముడూ, అదొక రకం ఈగ. చారలు చూసి భయపడకు. కుట్టే పురుగు వేషం వేసుకుని పిట్టల నోట పడకుండా బతుకుతుంది గానీ దానికి కొండి లేదు. ఈగలకు రెండే రెక్కలు. వెనక జత కుంచించుకుపోయి చిన్న బుడిపెలుగా మిగిలింది, ఎగిరేటప్పుడు తూలిపోకుండా కాసేవి అవే. తేనెటీగకి, కందిరీగకి నాలుగు రెక్కలు. కాకపోతే అవి ముందూ వెనకా కొక్కేలతో కలిసిపోయి ఒక్కటిగా కనబడతాయి, ఫొటోలో లెక్కపెట్టడం కష్టం. అందుకే నేను ముందు మీసాలు చూస్తా. పొట్టిగా మొండిగా ఉంటే ఈగ వైపే మొగ్గు. దీనికీ మినహాయింపులున్నాయి, కొన్ని హోవర్‌ఫ్లైల మీసాలు పొడుగే. ఖాయం చేసుకోవాలంటే రెక్క మధ్యలో జూమ్ చేయి. మిగతా ఈనెలతో కలవకుండా విడిగా పోయే దొంగ ఈనె ఒకటి ఉంటుంది. అది కనిపిస్తే హోవర్‌ఫ్లై కుటుంబమే, ఇక వాదన లేదు.

మిరప చేను:
మాది గుంటూరు దగ్గర పల్లె. హోవర్‌ఫ్లై పిల్లపురుగులు చిక్కుడు తీగ మీద రసం పీల్చే పేనుబంక పురుగుల్ని తింటాయి. కాళ్లు లేకుండా చిన్న జలగలా పాకుతుంటాయి. అది తెలియక మా వాళ్లు మందు కొట్టేస్తారు.

మాకు మిరపలో అసలు తలనొప్పి తామర పురుగులు (త్రిప్స్). పాతవి ఎక్కువగా ఆకుల మీద ఉండేవి, ఆకు పైకి ముడుచుకునేది. మొక్కల మీద ఉండే నల్లి (మైట్) అయితే కిందికి ముడుస్తుంది. 2021లో వచ్చిన నల్ల తామర పురుగు పూలల్లో దూరింది. పువ్వుని తెల్లకాగితం మీద దులిపి లెన్స్‌తో చూస్తే రెక్కల అంచున కుచ్చు కనిపిస్తుంది, తామర పురుగని తెలిసిపోతుంది. ఏ జాతో చెప్పాలంటే మాత్రం మైక్రోస్కోప్ కింద పెట్టాల్సిందే.

నున్న తోట:
మామిడి తోటలో పండుఈగల్ని వాసనతో రప్పించే మిథైల్ యూజినాల్ ఎర పెడుతున్నాం. డబ్బా నిండా పండుఈగలు పడ్డాయని సంబరపడకండి, అందులో పడేవి దాదాపు అన్నీ మగవే. కాయలో గుడ్లు పెట్టే ఆడవి బయటే తిరుగుతుంటాయి. దోస, కాకర మీదికి వచ్చేది వేరే ఈగ, దాని రెక్క మీద గోధుమరంగు మచ్చలుంటాయి. దానికి క్యూల్యూర్ అనే వేరే ఎర కావాలి.

సత్యనారాయణపురం అక్క:
నాదొక చిన్న డౌటు. బాత్‌రూమ్ గోడకి అతుక్కుని నూగు రెక్కల బుల్లి ఈగలు. దోమలా?

రెక్కలపిచ్చి:
కాదక్కా, మాత్‌ఫ్లైలు. కుట్టవు. పిల్లపురుగులు డ్రెయిన్ గొట్టంలో పేరుకున్న జిగురులో పెరుగుతాయి. స్ప్రే కొడితే పైన ఉన్నవే చస్తాయి. బ్రష్ పెట్టి ఆ జిగురు గీకించండి.

పటమట కుర్రాడు:
అన్నా, దొంగ ఈనె దొరికింది! కళ్లు రెండూ నడినెత్తిన కలిసిపోయి ఉన్నాయి. ఇప్పుడు జాతి పేరు చెప్పొచ్చా?

రెక్కలపిచ్చి:
కళ్లు అలా కలిశాయంటే మగది. జాతి పేరుకి తొందరపడకు, యాప్‌లో కుటుంబం దగ్గరే ఆపి పెట్టు. పైనుంచి తీసిన ఫొటో ఒక్కటే ఉంది, పక్కనుంచి ఒకటి, ముఖం ఒకటి కావాలి. వెనక కాళ్ల రంగు కూడా పనికొస్తుంది. పొద్దున్నే వెళ్లు, ఎండ ముదరకముందు అంత చురుగ్గా ఉండవు. ఏ పువ్వు మీద వాలిందో దాన్నీ ఫొటో తీయి.