‘ప్లాట్‌ఫారం’ను ‘వేదిక’ అనవచ్చునా?

మొదటి టపా, శ్రీకాకుళం నుంచి

సభ్యులందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో కంప్యూటర్ డిప్లొమా చదువుతున్న పిల్లల కోసం తెలుగులో పాఠాలు రాస్తున్నాను. వాటిలో ఒక పాఠం శీర్షిక దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. డెస్క్‌టాప్ ప్రోగ్రాములకు దీటుగా పనిచేసే వెబ్ అప్లికేషన్లను, అంటే ఇంగ్లీషులో రిచ్ వెబ్ అప్లికేషన్లు అని పిలిచేవాటిని, తయారు చేయదలచినవారు ఏ టెక్నాలజీ ప్లాట్‌ఫారాన్ని (ప్రోగ్రాము నడవడానికి ఆధారమయ్యేదానిని) ఎంచుకోవాలి, ఏమేమి ఆలోచించి ఎంచుకోవాలి అన్నది ఆ పాఠం. చిత్తుప్రతిలో ‘సంపన్న జాల అనువర్తనాల నిర్మాణానికి సాంకేతిక వేదిక ఎంపిక’ అని పెట్టాను. మరునాడు పొద్దున్న చదువుకుంటే, పదాలన్నీ ప్రచారంలో ఉన్నవే అయినా, శీర్షిక చదివిన పిల్లవాడికి పాఠం దేని గురించో ఊహకైనా అందదని అర్థమయింది.

ముందు ‘రిచ్’ సంగతి. ఈ విశేషణాన్ని ఈ అర్థంలో 2002లో మాక్రోమీడియా సంస్థ ప్రచారంలోకి తెచ్చింది. ఆనాటి వెబ్ పేజీలో వివరాలు నింపి మీట నొక్కితే, తప్పు ఒక్క అంకెలోనే ఉన్నా, పేజీ మొత్తం సర్వరు నుంచి మళ్ళీ వచ్చేది. తెర ఒకసారి తెల్లబడి, మనం ఎక్కడ ఉన్నామో మళ్ళీ వెతుక్కోవలసి వచ్చేది. పేజీ కదలకుండా కావలసిన భాగం మాత్రమే మారడం, ఒక వస్తువును పట్టి లాగి మరొకచోట పెట్టగలగడం, బొమ్మా ధ్వనీ కదలికా పేజీలోనే ఉండడం, వీటన్నిటినీ కలిపి ఆ సంస్థ ‘రిచ్’ అన్నది. డబ్బు ప్రసక్తి అందులో లేదు. తెలుగులో ‘సినిమా రిచ్‌గా తీశారు’, ‘పెళ్ళి రిచ్‌గా చేశారు’ అని మనం అనేటప్పుడు మాత్రం ఖర్చు కంటికి కనిపించిందనే అర్థం. ‘సంపన్న’ అన్నా అదే అర్థం ముందుకు వస్తున్నది.

అసలు చిక్కు ‘వేదిక’తో వచ్చింది. పత్రికలు ‘డిజిటల్ వేదిక’, ‘సామాజిక మాధ్యమ వేదికలు’ అని రాస్తున్నాయి కనుక ఆ మాట రూఢి అయిందనే అనుకున్నాను. కాని వేదిక అనగానే మన మనసులో మెదిలేది నలుగురికీ కనబడేటట్టు కొంత ఎత్తున కట్టిన చోటు. దాని మీదకు ఎక్కుతాము, మాట్లాడతాము, పాడతాము, దిగి వచ్చేస్తాము. దిగినవారికి దానితో పని తీరిపోతుంది. మరునాడు ఆ వేదికను ఊడదీసినా పాడినవారి పాటకు వచ్చే నష్టం లేదు. టెక్నాలజీ ప్లాట్‌ఫారం మీద కట్టినదానికి ఆ స్వేచ్ఛ లేదు. అది ప్లాట్‌ఫారంతోనే నిలుస్తుంది, ప్లాట్‌ఫారంతోనే పోతుంది.

ఈ సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. చాలా ఏళ్ళ క్రితం ఒక విద్యాసంస్థ కోసం గుణింతాలు, ఒత్తులు నేర్పే కదిలే పాఠాలను మాక్రోమీడియావారి ఫ్లాష్‌లో, అంటే వెబ్ పేజీలో కదిలే బొమ్మలను, ధ్వనిని నడిపే సాధనంలో, తయారుచేసినవారిలో నేనూ ఉన్నాను. ఆ రోజుల్లో అది సరైన నిర్ణయమనే అందరమూ అనుకున్నాము. ఏ కంప్యూటరు తెరిచినా ఫ్లాష్ ప్లేయరు ఉండేది. బొమ్మ గీసిన చేతితోనే కదలిక కూడా పెట్టే వీలుండేది. 2005లో మాక్రోమీడియాను అడోబీ సంస్థ కొన్నప్పుడు మాకేమీ తేడా తెలియలేదు. 2007లో వచ్చిన ఐఫోన్‌లో ఫ్లాష్‌కు చోటు లేదని విన్నప్పుడు, అది ఎక్కడో దూరదేశపు సంగతి అనుకున్నాము. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్ ప్లేయరుకు మద్దతు ఆపివేసింది. 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయరే ఫ్లాష్ ఫైళ్ళను ఆడించడం మానేసింది. మా పాఠాలు డిస్కులో ఒక్క అక్షరం చెరగకుండా అలాగే ఉన్నాయి, కాని ఆ బడి కంప్యూటర్లలో తెరుచుకోవు. మూల ఫైళ్ళను ఆ సంస్థవారు భద్రపరచలేదు. అప్పట్లో మేము వాడిన ఫాంటు, అక్షరాలను అన్ని కంప్యూటర్లూ ఒకే విధంగా గుర్తించే యూనికోడ్ పద్ధతిది కాదు కనుక, అందులోని తెలుగును బయటికి తీసి మరోచోట అతికించుకునే దారి కూడా లేకపోయింది. ఒక మాట కోసం నేను ఇంత పట్టుపట్టడానికి కారణం ఇదే. పిల్లలకు నేర్పవలసిన మొదటి సంగతే శీర్షికలోని మాట వల్ల మరుగున పడితే, దాని కింద ఎన్ని పేరాలు రాసి ఏమి లాభం?

‘వేదిక’కు బదులు ‘పునాది’ అంటే ఎలా ఉంటుందో పెద్దలు చెప్పగోరుతున్నాను.

జవాబు, విజయనగరం నుంచి

మాస్టారికి నమస్కారం. మీ పాఠాల గతి చదివి చాలా బాధ కలిగింది. నేను తెలుగు ఉపాధ్యాయుడిగా చేసి విరమించినవాడిని. కంప్యూటరు పని నాకు తెలియదు కనుక మాటల వరకే చెబుతాను.

‘సంపన్న’ ఒంటరిగా నిలిచినప్పుడు ధనమున్న అనే అర్థమే ఇస్తుంది. సమాసం చివర నిలిచినప్పుడే దానికి ‘కలిగిన’ అన్న విశాలమైన అర్థం వస్తుంది: గుణసంపన్నుడు, వినయసంపన్నుడు, విద్యాసంపన్నుడు. ఏమి కలిగి ఉన్నదో ముందు చెప్పని ‘సంపన్న అనువర్తనం’ పూర్వపదం రాలిపోయిన సమాసం వంటిది. పత్రికల్లో ‘అన్ని హంగులతో కొత్త బస్టాండు’ అని రాస్తారు చూడండి, ఆ ‘హంగు’ మీ ‘రిచ్’కు కొంత దగ్గర. అయినా హంగు అంటే పైమెరుగులనే ధ్వని కూడా ఉంది కనుక దానిని గట్టిగా సిఫారసు చేయలేను.

‘వేదిక’ మీద మనం ఇప్పటికే మోయలేనంత బరువు వేశాము. వేది అంటే యజ్ఞం కోసం సిద్ధం చేసిన స్థలం. ఇవాళ తెలుగులో సభ జరిగే చోటు వేదిక, ఆ సభలో వక్తలు కూర్చునే ఎత్తు వేదిక, ఒక ఆశయం కోసం కలిసిన సంఘం వేదిక, తెలుగు వికీపీడియాలో ఒక విషయం మీది వ్యాసాలకు దారిచూపే పేజీ కూడా వేదికే. ఇంగ్లీషువారు నాలుగు మాటలతో చెప్పుకునేవాటిని మనం ఒక్కదానితో నెట్టుకొస్తున్నాము. అయిదోదాన్ని కూడా దాని మీదకే ఎక్కించడం ఆ మాటకూ మంచిది కాదు, చదివేవారికీ మంచిది కాదు.

ఇక మీరన్న ‘పునాది’. అది బరువు మోస్తుందని, బయటికి కనబడదని, ఇల్లు లేచాక మార్చడం మహా కష్టమని ఆ మాట వినగానే తెలుస్తుంది. అంతవరకు బాగుంది. అయితే పునాది తీస్తాము, పునాది వేస్తాము. పునాదిని ఎంచుకోవడం తెలుగులో లేదు. ‘ఎంచు’ అంటే లెక్కపెట్టడం, గుణదోషాలు చూడడం. తప్పులెంచడం అన్నప్పుడు ఆ పాత అర్థం ఇంకా పలుకుతూనే ఉంది. ఎదుట కొన్ని ఉండి, ఒక్కొక్కటిగా చూసి, ఒకదానిని తీసుకుంటేనే ఎంచుకున్నట్టు. ‘పునాది ఎంపిక’ అని శీర్షిక పెడితే నామం ఒకవైపు, క్రియ మరొకవైపు లాగుతాయి.

నాకు తోచిన మాట ‘అరుగు’. మా వీధిలో రెండు మూడు పెంకుటిళ్ళకు వీధరుగులు ఇంకా ఉన్నాయి. ఒక ఇంటి అరుగు మీద ఒకాయన చాలాకాలం కుట్టుమిషను పెట్టుకుని సంసారం నడిపాడు. అరుగు ఆయనది కాదు, అద్దె కూడా ఎవరూ అడగలేదు. ఇంటివారు ఇల్లు పడగొట్టి మేడ కట్టుకున్న ఏడాది, మిషను ఉంది, చేతిలో పని ఉంది, కూర్చునే చోటు లేకపోయింది. మీ ఫ్లాష్ కథ చదువుతుంటే ఆయనే కళ్ళముందు నిలిచాడు. అది ఇంకొకరిది, దాని ఆసరాతో మన పని నడుస్తుంది, తీసివేసే హక్కు వారి చేతిలో ఉంటుంది: ఈ మూడూ అరుగులో ఉన్నాయి.

జవాబు, ఆముదాలవలస నుంచి

ఇద్దరికీ నమస్కారం. వెబ్ ప్రోగ్రాములు రాయడం నా వృత్తి. అరుగు పోలిక ఫ్లాష్‌కు ఎంత సరిపోయిందో సిల్వర్‌లైట్‌కూ అంత సరిపోతుంది. ఫ్లాష్ వంటిదే అయిన దానిని మైక్రోసాఫ్ట్ 2007లో తెచ్చి 2021 అక్టోబరు 12న మద్దతు ముగించింది. అంతకు చాలా ముందే, 2015లో, క్రోమ్ బ్రౌజరు పాత పద్ధతి ప్లగిన్లకు (బ్రౌజరుకు అదనంగా తగిలించే ప్రోగ్రాములకు) తలుపు మూసివేయడంతో సిల్వర్‌లైట్ మీద కట్టినవి క్రోమ్‌లో తెరుచుకోవడం మానేశాయి. వెబ్ పేజీలో నడిచే చిన్న జావా ప్రోగ్రాములైన జావా ఆప్లెట్లకూ అదే గతి పట్టింది. ప్లగిన్ ఒకరిది, ఆ ప్లగిన్‌కు చోటిచ్చే బ్రౌజరు మరొకరిది. ఇద్దరిలో ఎవరు కాదన్నా మన పని ఆగిపోతుంది.

అయినా ప్రతి ప్లాట్‌ఫారం వెనుక ఒక ఇంటివారు ఉంటారని పిల్లలు అనుకుంటే ఇప్పటి పరిస్థితి వారికి తప్పుగా అర్థమవుతుంది. వెబ్ పేజీలను రాసే భాషలైన హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ అనేవి బహిరంగ ప్రమాణాలు. వేర్వేరు సంస్థలు వాటిని తమ తమ బ్రౌజర్లలో అమలు చేస్తాయి. పేజీ మొత్తం తిరిగి రాకుండా కావలసిన భాగాన్నే సర్వరు నుంచి తెచ్చుకునే పద్ధతికి 2005లో ‘అజాక్స్’ అన్న పేరు పుట్టిన ఏడాదే, ఏ ప్లగిన్ అక్కరలేకుండా పటాన్ని పట్టి లాగవచ్చునని గూగుల్ మ్యాప్స్ చూపించింది. 2014 అక్టోబరులో హెచ్‌టీఎంఎల్ 5 ప్రమాణంగా స్థిరపడేసరికి, ఒకప్పుడు ఫ్లాష్ లేనిదే సాధ్యం కాని వీడియో, ధ్వని, బొమ్మ గీయడం బ్రౌజరులోనే అమరాయి. 2019 డిసెంబరులో వెబ్‌అసెంబ్లీ కూడా ప్రమాణమయింది. సీ, రస్ట్ వంటి భాషల్లో రాసినవి దాని ద్వారా బ్రౌజరులోనే వేగంగా నడుస్తాయి. 1990లలో రాసిన సాదా హెచ్‌టీఎంఎల్ పేజీ ఇవాల్టి బ్రౌజరులోనూ తెరుచుకుంటుంది. మాస్టారి పోలికనే కొనసాగిస్తే, అరుగు ఒక ఇంటివారిది, ఇది ఊరందరి రచ్చబండ.

మరొక సంగతి పాఠంలో తప్పక ఉండాలని కోరుతున్నాను. ఉద్యోగానికి వచ్చే కొత్తవారు లైబ్రరీ, ఫ్రేమ్‌వర్క్, ప్లాట్‌ఫారం అనే మూడు మాటలనూ ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నారు. లైబ్రరీని, అంటే ఇతరులు ముందే రాసిపెట్టిన కోడ్‌ను, మన కోడ్ పిలుస్తుంది. ఫ్రేమ్‌వర్క్ మన కోడ్‌ను పిలుస్తుంది. దీనికి తెలుగులో ‘చట్రం’ అన్న మాట చక్కగా అమరింది, ఎందుకంటే చట్రంలో ఇమిడేటట్టు మన పనిని మనమే మలచుకోవాలి. ప్లాట్‌ఫారం లేకపోతే మన కోడ్‌కు నడకే లేదు. 2010లో వచ్చిన యాంగ్యులర్‌జేఎస్ అనే చట్రానికి 2021 డిసెంబరు 31తో మద్దతు ముగిసింది. దానితో కట్టిన అప్లికేషన్లకు ఆ తరువాత కొత్త మరమ్మతులు రాలేదు, భద్రతకు ముప్పు పెరిగింది, కాని 2022 జనవరి 1న అవి నడుస్తూనే ఉన్నాయి, ఎందుకంటే వాటి కింద ఉన్నది బ్రౌజరు. ఫ్లాష్ మీద కట్టినవారికి ఆ గడువు దొరకలేదు. చట్రాన్ని ఎంచుకోవడంలో పొరపాటు జరిగితే తిరగరాసుకునే వ్యవధి ఉంటుంది. ప్లాట్‌ఫారం విషయంలో ఆ వ్యవధి కూడా మన చేతిలో ఉండదు.

మాట విషయానికి వస్తే, మా ఊళ్ళో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషనులో బండి ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదకు వస్తున్నదని చెప్పినప్పుడు, కూలిపనికి ఊరు విడిచి వెళ్ళే చదువురాని ముసలమ్మ కూడా సరైన చోటికే నడుస్తుంది. ‘ప్లాట్‌ఫారం’ తెలుగువారికి అందని మాట కాదు. నామాన్ని అలాగే ఉంచి, దాని భావాన్ని తెలుగు వాక్యంలో విడమరచి చెబితే చాలునని నా అభిప్రాయం.

మొదటి సభ్యుడి జవాబు

ఇద్దరికీ కృతజ్ఞతలు. వారం రోజులుగా నేను నామం కోసం వెతుకుతూ, క్రియను చూడలేదని ఇప్పుడు తెలిసింది. ‘కట్టడం’ అన్న క్రియను తీసుకుని ప్రశ్నగా అడిగితే, ‘రిచ్’కూ ‘ప్లాట్‌ఫారం’కూ విడివిడిగా మాటలు వెతుక్కునే పని శీర్షికలో ఉండదు. కొత్త శీర్షిక ఇది: ‘డెస్క్‌టాప్ ప్రోగ్రాములా పనిచేసే వెబ్ అప్లికేషన్‌ను దేనిమీద కట్టాలి?’

మొదటి పేరా ఇలా మార్చాను: ‘మన ప్రోగ్రాము దేనిమీద నిలబడి నడుస్తుందో దానిని ప్లాట్‌ఫారం అంటారు. ఒక ప్లాట్‌ఫారాన్ని ఎంచుకునే ముందు అది ఎవరిదో, ఏయే యంత్రాల మీద నడుస్తుందో, దాని యజమాని దానిని తీసివేసిన నాడు మన దగ్గర ఏమి మిగులుతుందో తెలుసుకోవాలి.’ రెండో పేరాలో అరుగును, రచ్చబండను పోలికలుగా చెప్పి, ఒకదానికి ఫ్లాష్‌ను, మరొకదానికి హెచ్‌టీఎంఎల్‌ను ఉదాహరణగా ఇచ్చాను. చట్రానికీ ప్లాట్‌ఫారానికీ ఉన్న తేడాకు విడిగా ఒక పుట కేటాయిస్తున్నాను. విజయనగరం మాస్టారిని ఒక్కటే అడగాలి. రాసేటప్పుడు నా చేయి దానంతట అదే ‘ప్లాట్‌ఫారాన్ని’, ‘ప్లాట్‌ఫారాలు’ అని రాస్తున్నది. ఇంగ్లీషు మాటకు మన విభక్తి ఇలా తగిలించవచ్చునా, లేక ‘ప్లాట్‌ఫారంను’, ‘ప్లాట్‌ఫారంలు’ అనాలా?

జవాబు, విజయనగరం నుంచి

నిస్సంకోచంగా ‘ప్లాట్‌ఫారాన్ని’ అనే రాయండి. ‘కాగితం’ పారశీకపు ‘కాగజ్’ నుంచి వచ్చింది. మన నోట పడి చివర సున్న తెచ్చుకున్నది. ఆ తరువాత ‘పుస్తకాన్ని, పుస్తకాలు’ అన్నట్టే ‘కాగితాన్ని, కాగితాలు’ అయింది. ‘కాగితంను’ అని ఎవరూ అనరు. మీ శీర్షికలోని ‘దేనిమీద’ను మాత్రం విడదీయకుండా కలిపే అచ్చువేయించండి.