చిన్న సందేహం రాగానే ఫోను తీయాలా?

బాటసారి:
ఆవలింత ఒకరి నుంచి ఒకరికి ఎందుకు అంటుకుంటుంది? నీళ్లలో నానిన వేళ్లు ఎందుకు ముడతలు పడతాయి? ఇలాంటి సందేహం రావడమే ఆలస్యం, ఫోను చేతికి వస్తోంది. నలుగురూ తలా ఒక ఊహ చెప్పుకునేలోపే ఎవరో ఒకరు జవాబు చదివేస్తారు, మాట అక్కడితో ఆగిపోతుంది. 2011లో ‘సైన్స్’ పత్రికలో బెట్సీ స్పారో బృందం ప్రచురించిన పరిశోధన చూడండి. కంప్యూటర్లో భద్రంగా ఉంటుందని చెప్పిన సంగతుల కంటే, చెరిపేస్తామని చెప్పినవే జనానికి బాగా గుర్తున్నాయి. అయినదానికీ కానిదానికీ వెతకడం మానాలని నా అభిప్రాయం.

చదువరి:
బాటసారి గారూ, తప్పు వెతకడంలో లేదు, మొదటి వాక్యం చదివి ఫోను పక్కన పెట్టేయడంలో ఉంది. మీరు అడిగిన వేళ్ల సంగతే తీసుకుందాం. చర్మం నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది కాబట్టి ముడతలు పడతాయని నలుగురు కూర్చుంటే నలుగురూ చెబుతారు. కానీ నరం దెబ్బతిన్న వేలు ఎంతసేపు నానినా ముడతలు పడదని వైద్యులు 1930లలోనే గమనించారు. అంటే ఇది నరాల పని. వేలికొనలోని రక్తనాళాలు సంకోచించి లోపలి భాగం కొంచెం తగ్గుతుంది, పైచర్మం ముడుచుకుంటుంది. దీనివల్ల ప్రయోజనం ఏమిటి? 2013లో బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వారు నానిన వేళ్లతో తడి గోళీలు తీయించి చూశారు. ముడతలున్నప్పుడు పని త్వరగా అయింది. తడి వస్తువుల మీద పట్టు కోసమే కాబోలు అనుకునేలోపు, 2014లో మరో బృందం అలాంటి ప్రయోగమే చేసి తేడా ఏమీ కనిపించలేదని చెప్పింది!

ఇంటర్నెట్ లేని రోజుల్లో ఈ ప్రశ్న ఎవరిని అడిగేవాళ్లం? మాస్టారిని అడగడానికి మొహమాటం. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఇది జబ్బు కాదు. విజ్ఞాన సర్వస్వంలో ఏ పేరు కింద వెతకాలో తెలియదు. పనికిమాలిన ప్రశ్న అనిపించుకుని అక్కడే అణగిపోయేది. పెద్ద ప్రశ్నలకు గ్రంథాలయాలు ఎప్పటినుంచో ఉన్నాయి. చిన్న ప్రశ్నలకు దిక్కు దొరికింది ఇప్పుడే, దాన్ని వదులుకోమంటే నేను ఒప్పుకోను.

స్పారో పరిశోధన గురించి ఒక మాట. ‘సైన్స్’, ‘నేచర్’ పత్రికల్లో వచ్చిన 21 ప్రయోగాలను మళ్లీ చేసి చూసి 2018లో ఫలితాలు ప్రకటించారు. స్పారో బృందం చేసిన వాటిలో ఒకటి అందులో నిలబడలేదు. అది మీరు చెప్పిన ప్రయోగం కాదు గానీ, ఆ ఒక్క పరిశోధన మీదే భారం వేయకండి.

నిదానం:
నా భయం మతిమరుపు గురించి కాదు, అంతా తెలిసిపోయిందన్న ధీమా గురించి. 2015లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరిచేత ఇంటర్నెట్‌లో వివరణలు వెతికించారు. ఆ తర్వాత వాళ్లు ఏమాత్రం సంబంధం లేని విషయాలను కూడా సొంతంగా బాగా వివరించగలమని అనుకున్నారట. దీనికి మందు ఏమిటో చెప్పండి.

బాటసారి:
చదువరి గారూ, అందరూ మీలా 2014 దాకా చదవరు కదా. నేను అడిగేది కాస్త ఆగమని. 2014లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం జరిగింది. ప్రశ్నకూ జవాబుకూ మధ్య కొన్ని క్షణాలు ఆపి, ఆ వ్యవధిలో ఒక అపరిచిత ముఖం చూపించారు. జవాబు తెలుసుకోవాలని బాగా కుతూహలపడినప్పుడు జవాబే కాదు, మధ్యలో చూసిన ముఖం కూడా ఎక్కువగా గుర్తుంది. ఆ ఎదురుచూపునే ఫోను మింగేస్తోంది.

చదువరి:
ఎదురుచూపు మంచిదే, ఒప్పుకుంటాను. కానీ ఆ ప్రయోగంలో చివరికి జవాబు వచ్చింది కదా! కాబట్టి ముందు ఊహిద్దాం, వాదించుకుందాం, ఆ తర్వాత తప్పకుండా వెతుకుదాం. నిదానం గారికీ నా జవాబు ఇదే. తన ఊహ తప్పని కళ్లారా చూసుకున్నవారికి ఆ ధీమా అంత తొందరగా రాదని నా నమ్మకం.

ఇక్కడే చేసి చూద్దాం. మెటికలు విరిచినప్పుడు ఆ చప్పుడు ఎక్కడిది? కీలులోని ద్రవంలో ఖాళీ ఏర్పడటం వల్లనా, బుడగ కుంగడం వల్లనా అన్న విషయంలో 2015, 2018 పరిశోధనలు చెరో మాట చెప్పాయి. మీ మొగ్గు ఎటో, ఎందుకో రాయండి. రేపు రెండూ తెచ్చి ఇక్కడ పెడతాను.