సిస్.ఎగ్జిట్ లేకుండా యాప్.ఎగ్జెక్ రాస్తే తప్పా?

పాతకీబోర్డు:
పైథాన్‌లో విండోల ప్రోగ్రాములు రాసే పైక్యూటీ లైబ్రరీ పాఠం ఏది తెరిచినా చివరి వరుస ఒకటే: సిస్.ఎగ్జిట్(యాప్.ఎగ్జెక్_()). నిన్న ఆ సిస్.ఎగ్జిట్ తీసేసి చూశాను. విండో తెరుచుకుంది, మూయగానే ప్రోగ్రామ్ ముగిసింది. తేడా ఏమీ లేదు. అలాంటి పనికే వాడే టీకింటర్‌లో రూట్.మెయిన్‌లూప్() అని రాసి ఊరుకుంటాం కదా, అక్కడ లేని మడి ఇక్కడెందుకు? ఇది ఒకరిని చూసి ఒకరు రాస్తున్న ఆచారమని నా వాదన.

రాత్రిషిఫ్టు:
తేడా విండోలో కనబడదండీ, ప్రోగ్రామును నడిపించేవాడికి తెలుస్తుంది. యాప్.ఎగ్జెక్ ఒక లూప్‌ను నడుపుతుంది, క్లిక్కుల వంటివాటి కోసం కాచుకునేది అదే. యాప్.ఎగ్జిట్(3) అంటే ఆ లూప్ ఆగుతుంది, ఆ 3 యాప్.ఎగ్జెక్ నుంచి తిరిగి వస్తుంది. దాన్ని సిస్.ఎగ్జిట్ చేతిలో పెట్టకపోతే ఆపరేటింగ్ సిస్టమ్‌కు 0 చేరుతుంది. 0 అంటే అంతా క్షేమం. మా కొట్టులో స్టాకు ప్రోగ్రామును ఒక బ్యాచ్ ఫైల్ (ఆదేశాలను వరుసగా నడిపే ఫైల్) నడిపేది. ప్రోగ్రామ్ సరిగ్గా ముగిస్తేనే బ్యాకప్ తీయాలి. డేటాబేస్ పాడై 3తో ఆగిన రోజున కూడా బ్యాచ్ ఫైల్ క్షేమమనుకుని, మంచి బ్యాకప్ మీద పాడైన ఫైల్‌ను రాసేసింది. రెండు రోజులు బిల్లులు ముందేసుకుని లెక్కలు మళ్లీ ఎక్కించాను. ఆచారమే అనుకోండి, నేను వదలను.

గోదారిగట్టు:
ఆ ముగింపు సంఖ్య, అంటే ఎగ్జిట్ కోడ్, అందాలంటే సిస్.ఎగ్జిట్ ఉండాల్సిందే. కానీ సిస్.ఎగ్జిట్ నిజానికి సిస్టమ్‌ఎగ్జిట్ అనే ఎక్సెప్షన్‌ను లేపుతుంది, మామూలుగా ప్రోగ్రామ్ అక్కడే ముగుస్తుంది. దాని కింద ఫైళ్లు మూసే వరుసలు రాసి, అవి నడవడం లేదని తల పట్టుకునేవారు ఉన్నారు. అలాంటి పనులను యాప్ ముగిసే ముందు వెలువడే అబౌట్‌టుక్విట్ సిగ్నల్‌కు తగిలించండి. విండోస్‌లో లాగాఫ్ అయినప్పుడు ఎగ్జెక్ అసలు తిరిగి రాకపోవచ్చని, పైక్యూటీకి ఆధారమైన క్యూటీ డాక్యుమెంటేషనే హెచ్చరిస్తోంది.
ఇక ఆచారం అంటారా, అది ఎగ్జెక్ వెనకున్న అండర్‌స్కోర్. పైథాన్ 2లో ఎగ్జెక్ కీవర్డు కాబట్టి ఆ తోక అవసరమైంది. పైథాన్ 3లో ఆ అవసరం తీరింది, పైక్యూటీ6లో తోకనే కోసేశారు. పాత పాఠాలు చూసి రాసినవారికి అక్కడే ఎర్రర్ వస్తోంది.

పాతకీబోర్డు:
బ్యాచ్ ఫైల్ ఉన్నచోట ఒప్పుకుంటున్నాను. నా ప్రోగ్రామును డబుల్ క్లిక్ చేసి తెరిచేది మా అక్క ఒక్కతే, ఆమె ఎగ్జిట్ కోడ్ అడగదు. నాకు వేరే చిక్కు ఉంది. సెట్టింగుల ఫైల్ దొరక్కపోతే మెయిన్ విండోను తయారుచేసే కన్‌స్ట్రక్టర్‌లోనే యాప్.క్విట్() అంటున్నాను. అయినా విండో వచ్చి కూర్చుంటోంది!

రాత్రిషిఫ్టు:
ఇంకా మొదలుకాని లూప్‌ను ఆగమంటే ఏం ఆగుతుంది? ఎగ్జెక్ నడవకముందు క్విట్ అన్నా ఫలితం ఉండదు. క్యూటైమర్.సింగిల్‌షాట్(0, యాప్.క్విట్) అని రాయండి, లూప్ మొదలవగానే ఆగుతుంది. లేదా అక్కడే సిస్.ఎగ్జిట్(1) అనండి, మీకు ఇష్టం లేకపోయినా.

పాతకీబోర్డు:
సింగిల్‌షాట్ పెట్టాను. విండో ఒక్క క్షణం మెరిసి పోతోంది, మా అక్కకు ఫరవాలేదట. సిస్.ఎగ్జిట్ మాత్రం ఇంకా పెట్టలేదు.