‘వీసమెత్తు’ పిక్సెల్ అనొచ్చా?

ప్రశ్న: లక్షల వరుసల లాగ్ ఫైళ్లు (ప్రోగ్రాములు రాసుకునే పనుల చిట్టాలు) చూపించే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ ఒకదానికి సహాయ పత్రం తెలుగులో రాస్తున్నాను. నిరూపకాలు, వరుస ఎత్తు, ఇవన్నీ బడిలో విన్న మాటలే. పిక్సెల్‌లో, అంటే తెర మీది చుక్కలో, భాగాల దగ్గరే చిక్కు. ‘స్క్రోల్ స్థానం వీసమెత్తు కూడా తప్పదు’ అని రాస్తే, అది పాతకాలపు లెక్క, తీసేయమన్నారు. పెద్దలేమంటారు?

జవాబు: ఉంచండి. వీసం 1/16, కాణీ 1/64. 1957లో నయాపైసలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు, 64 కాణీలు. మీ రంగంలో ఉన్నవీ ఇవే భిన్నాలు! అక్షరాల ఆకారాలు గీసే ఫ్రీటైప్ పిక్సెల్‌ని 64 భాగాలు చేస్తుంది. క్రోమ్ పేజీ అమరిక లెక్కా అంతే. విండోస్ డిస్‌ప్లే డ్రైవర్ల నిరూపకాల్లో భిన్నానికి 4 బిట్లు, అంటే 16 భాగాలు, వీసమే. సగంలో సగం చేసుకుంటూ పోతే ఎవరైనా అక్కడికే చేరతారు. ఫైర్‌ఫాక్స్ మాత్రం 60 భాగాలు చేస్తుంది, దానికి మన దగ్గర పేరు లేదు. ‘కాణీ’ అని రాస్తే మాత్రం ఎవరో ఒకరు ‘కానీ’ అని దిద్దేస్తారు, జాగ్రత్త.

ఇంకో జవాబు: మాట సరే, వాక్యం నిజమేనా అండీ? స్థానాన్ని 32 బిట్ల ఫ్లోట్‌లో (భిన్నాలున్న సంఖ్యలు దాచే పద్ధతి) దాస్తే అంకెలకు దక్కేది 24 బిట్లే. 10,48,576 పిక్సెళ్లు దాటాక వీసానికి చోటుండదు. 20 పిక్సెళ్ల వరుసలు 10 లక్షలుంటే మొత్తం 2 కోట్లు. 1,67,77,216 దాటితే ఒక్క పిక్సెల్ తేడాకు కూడా చోటుండదు. టచ్‌ప్యాడ్ మీద వేలు మెల్లగా జరిపితే తెర కదలదు, గట్టిగా లాగితే గెంతుతుంది. కింద చివరికెళ్లి పరీక్షించేవాళ్లు తక్కువ, అందుకే చాలాకాలం బయటపడదు. 64 బిట్ల డబుల్ వాడితే అంకెలకు 53 బిట్లుంటాయి, ఈ బెడద లేదు. నన్నడిగితే వరుస సంఖ్య విడిగా, ఆ వరుసలో ఎంత దిగామో విడిగా దాచడం ఇంకా మేలు. గీసేటప్పుడు ఒక్కసారే పూర్ణాంకానికి సవరించాలి. సవరించినదాన్నే మళ్లీ దాచుకుంటే ప్రతి కదలికలో కాణీలు రాలిపోతాయి. అన్నట్టు, ‘రౌండ్ చేయడం’ అన్నదానికి ‘గుండ్రం చేయడం’ అని రాయకండి. బడి లెక్కల్లో అది సవరించడమే.

ప్రశ్న వేసినవారు: కనుక్కున్నాను, మావాళ్లు వాడింది డబులేనట. వీసం ఉంటుంది. కానీ ఇంకో వాక్యంలో ‘వరుస ఎత్తు వీసమెత్తు మారినా’ అని పడింది. రెండో ‘ఎత్తు’ని కూడా పొడవు లెక్కే అనుకుంటారేమో?

మొదటి జవాబు ఇచ్చినవారు: అనుకుంటారు. ‘తులమెత్తు’లో లాగే అక్కడ ఎత్తంటే తూకం. ఆ ఒక్క చోట ‘వీసమంత మారినా’ అనండి, సరిపోతుంది.