చెరకు తీసేసి షుగర్ బీట్ వేద్దామనుకుంటున్నా, ఎవరైనా వేశారా?

కార్శితోట: రెండెకరాల కార్శి (నరికిన దుబ్బుల నుంచి మళ్లీ పెరిగిన చెరకు) ఎర్రకుళ్లు తెగులుతో పోయింది. గడ చీల్చి చూస్తే లోపలంతా ఎరుపు, మధ్యమధ్య తెల్లటి అడ్డపట్టీలు, పులిసిన వాసన. ఫ్యాక్టరీ నుంచి పాత బకాయి కూడా రాలేదు. బీట్ ఐదారు నెలల పంటట. విత్తనం ఎక్కడ దొరుకుతుంది? ఎన్ని తడులు పెట్టాలి? బెల్లం వండొచ్చా?

హనోవర్ తెలుగు: ఇక్కడ మా చుట్టూ అదే పంట. కూరకి వాడే ఎర్ర బీట్‌రూట్ కాదండీ, తెల్లటి దుంప. కిందటి అక్టోబర్‌లో పది కిలోలు తరిగి ఉడికించి, గుడ్డలో పిండి, ఆరు గంటలు మరిగించాను. కిలోన్నర కూడా రాలేదు. నల్లటి పాకం, కాస్త మట్టి వాసన. జర్మన్లు రొట్టె మీద రాసుకుంటారు. అమ్మ మాత్రం అరిసెలకు వద్దంది.

పిప్పిపొయ్యి: ఆరు గంటల గ్యాస్ ఎవరిస్తారు? చెరకైతే దాని పిప్పితోనే దాని రసం కాగుతుంది. బీట్ పిప్పి పశువులకు మేతే గాని పొయ్యికి పనికిరాదు. గానుగలో ఆడే సరుకూ కాదు, సన్నగా తరిగి 70 డిగ్రీల వేడినీళ్లలో చక్కెర దించాలి. పైగా నల్ల పాకమంటున్నారు. నల్ల బెల్లం యార్డులో ఎవరు కొంటారు?

బెండరసం: నేను కొంటాను! నల్లగా ఉంటే ధర కోస్తారని భయపడి అందరూ రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం గుప్పిస్తున్నారు. అది మన పిల్లలు తినే బెల్లం. రసంలో మడ్డి తీయడానికి నేను సున్నం తేట, బెండ కాండం జిగురు తప్ప ఇంకేమీ వేయను.

ముప్పయ్యేళ్ల పెనం: ముప్పై ఏళ్లుగా పాకం దించుతున్నాను. చన్నీళ్లలో చుక్క వేస్తే ఉండ కట్టిందో లేదో పక్కనున్నవాడి కంటే ముందు నాకు తెలుస్తుంది. రంగు మందుతో రాదు. లేత గడ, నేలకొరిగిన గడ, నరికి మూడు రోజులైన గడ ఆడితే ఎన్ని బెండకాయలు పిండినా నలుపే.

పిప్పిపొయ్యి: బెండరసం గారూ, మీరు ఊళ్లో పది ఇళ్లకు అమ్ముకుంటారు. నాకు రోజుకు నలభై దిమ్మలు యార్డుకు వెళ్లాలి. పసుపుపచ్చగా లేకపోతే వేలంలో వెనక్కి నెడతారు. విషం పెడుతున్నట్టు మాట్లాడకండి, బాధగా ఉంది.

బెండరసం: మిమ్మల్ని అనలేదు. కానీ వేయడం మాత్రం తప్పే, నా మాట మార్చుకోను.

గట్టుమీద: అసలాయన తోట సంగతి చూడండి. కార్శితోట గారూ, ఆ చేలో గడ విత్తనానికి ముట్టుకోకండి. దుబ్బులు తవ్వి తగలబెట్టి ఒక పంట వరి వేయండి. ఆ తర్వాత అనకాపల్లి పరిశోధన కేంద్రంలో తెగులు తట్టుకునే రకం అడగండి. 1913 నుంచి చెరకు మీదే పనిచేస్తున్నవాళ్లు.

కార్శితోట: దుబ్బులు తవ్వడం నిన్ననే మొదలుపెట్టాం. పక్క చేను నీరు మా చేలోకే దిగుతుంది, వాళ్లకీ ఎర్రకుళ్లు ఉంది. వరి వేసినా ఆ నీళ్లతో మళ్లీ రాదా?