విదేశానికి డబ్బు పంపాలి, బ్యాంకు ఫారం మాటిమాటికీ తిప్పి పంపుతోంది. ఏ కోడ్ వేయాలి?

మంత్రదండం:
మధ్యాహ్నం రెండింటికి కూర్చున్నాను, ఇప్పుడు ఏడు దాటింది. ఎ2 ఫారం మూడుసార్లు నింపాను, మూడుసార్లూ వెనక్కి వచ్చింది. పర్పస్ కోడ్ ఏది ఎంచుకున్నా ఆధార పత్రాలు సరిపోలేదంటున్నారు. ఇన్వాయిస్ ఇస్తే ఒప్పందం తెమ్మంటారు. పంపాల్సింది 1,450 డాలర్లు మాత్రమే. శుక్రవారంలోపు చేరకపోతే అవకాశం చేజారిపోతుంది. ఏ కోడ్ వేయాలో తెలిసినవారు ఒక్క మాట చెప్పండి, చాలు.

లెక్కలపద్దు:
కోడ్ మన ఇష్టం కాదండీ. డబ్బు దేనికోసం వెళ్తోందో దాన్నిబట్టే కోడ్. దేశంలో నివసించే వ్యక్తి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు కాబట్టి మొత్తం సమస్య కాదు, కారణమే సమస్య. పని త్వరగా తెమిలిపోతుందని చాలామంది 'బహుమతి' అని రాసేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కింద సంతకం మీది, రేపు సంజాయిషీ చెప్పుకోవాల్సిందీ మీరే. బ్యాంకులో ఇరవై రెండేళ్లు ఈ ఫారాలే చూశాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను. ఇంతకీ డబ్బు దేనికి?

మంత్రదండం:
నేను ఫాంటసీ నవలలు రాస్తాను. నాలుగు అచ్చయ్యాయి. రెండోదాని ఇంగ్లీషు అనువాదం ఆన్‌లైన్‌లో అమ్మకానికి ఉంది. అది చదివి అమెరికాలోని ఒక పెద్ద స్టూడియో వాళ్లు సినిమా హక్కులు అడిగారు. స్క్రీన్‌ప్లే సంక్షిప్త రూపానికీ, అక్కడ కాపీరైట్ నమోదుకూ కలిపి ఈ మొత్తం. ఇప్పుడైనా కోడ్ చెబుతారా?

ముక్కుసూటి:
పంపకండి. మోసం.

మంత్రదండం:
ఉత్తరం చూడకుండానే తీర్పు చెప్పేశారు. మూడో అధ్యాయంలో పగిలిన శంఖం గురించి రెండు పేరాలు రాశారు వాళ్లు. ఆ శంఖాన్ని ఇక్కడి సమీక్షకులు ఒక్కరు కూడా పట్టించుకోలేదు. పదకొండేళ్లుగా రాస్తున్నాను. ఎవరో ఒకరు నిజంగా చదివారనుకోవడం తప్పా?

అచ్చుగూడు:
తప్పు కాదండీ. నేనూ ఈ కోవ నవలలే రాస్తాను కాబట్టి ఆ రెండు పేరాలు ఎంత బలంగా తాకుతాయో నాకు తెలుసు. కానీ మొదటి అధ్యాయాలు ఆన్‌లైన్‌లో నమూనాగా ఉచితంగానే దొరుకుతాయి. వాటిని కృత్రిమ మేధకు ఇస్తే ఎంత ఆప్యాయమైన ఉత్తరమైనా నిమిషంలో రాసి ఇస్తుంది. నిరుడు నాకు ఇలాంటివి పదకొండు వచ్చాయి. కొన్ని పుస్తక చర్చా సంఘాల పేరుతో, కొన్ని సినిమా పేరుతో. అన్నింటిలోనూ పొగడ్త ముందు, రుసుము వెనుక.

సినిమా హక్కులు అడిగేవారు రచయితకు డబ్బు ఇస్తారు. ఏడాదో ఏడాదిన్నరో కథను మరొకరికి ఇవ్వకుండా తమకే అట్టిపెట్టమని ముందు కొంత చెల్లిస్తారు, సినిమా ఖాయమైతే మిగతాది. స్క్రీన్‌ప్లే ఖర్చు నిర్మాతదే. కాపీరైట్ అంటారా, రచన పూర్తికాగానే అది మీది. కాపీరైట్‌పై దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందంలో భారత్, అమెరికా రెండూ ఉన్నాయి కాబట్టి అక్కడా రక్షణ ఉంటుంది. మన దేశంలో సాహిత్య రచన నమోదుకు రుసుము 500 రూపాయలు, అదీ తప్పనిసరి కాదు.

వాళ్ల మెయిల్ చిరునామాను అక్షరం అక్షరంగా చదివి ఇక్కడ రాయండి.

పాతపుస్తకం:
ఒక చిన్న మనవి. 'ఫాంటసీ' అని ఎందుకు రాస్తున్నారు? జానపద నవల అనే చక్కటి మాట మనకు ఉంది. 1947లో మొదలైన చందమామ ధారావాహికలతో పెరిగిన తరం మాది. మాంత్రికులు, గుహలు, రెక్కల గుర్రాలు మనకు కొత్త కాదు. మన మాటను మనమే వదులుకుంటే పాఠకుడు దొరకలేదని బాధపడి ఏం లాభం?

మంత్రదండం:
పాతపుస్తకం గారూ, నా నవలలో రాజ్యాలు లేవు, రాకుమారి లేదు. సముద్రం ఇంకిపోయిన ఊళ్లో ఉప్పు కార్మికుల కథ అది. జానపదం అని వేస్తే అది ఆశించి కొన్నవారు నిరాశపడతారు.

అచ్చుగూడు గారూ, చిరునామాలో స్టూడియో పేరే ఉంది. కాపీ చేసి పెద్ద అక్షరాల్లో చూశాను. 'ఎం' ఉండాల్సిన చోట 'ఆర్', 'ఎన్' పక్కపక్కన ఉన్నాయి.

అచ్చుగూడు:
అదే. ఇంగ్లీషులో ఆ రెండు చిన్న అక్షరాలు పక్కపక్కన పడితే 'ఎం'లాగే కనిపిస్తాయి. 2022 జనవరిలో న్యూయార్క్‌లో ఎఫ్‌బీఐ అరెస్టు చేసిన వ్యక్తి వాడిన ఎత్తుల్లో ఇదొకటి. ప్రచురణ సంస్థల పేర్లను పోలిన డొమైన్లు 160కి పైగా నమోదు చేసి, అచ్చుకాని రాతప్రతులు రాబట్టాడు. మరుసటి ఏడాది నేరం ఒప్పుకున్నాడు. పేరున్న రచయితలే అతనికి ప్రతులు పంపారు, నమ్మింది మీరొక్కరే కాదు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం అండతో నడిచే రైటర్ బివేర్ అనే వెబ్‌సైటు ఇలాంటి మోసాలను ఏళ్లుగా నమోదు చేస్తోంది, చూడండి.

లెక్కలపద్దు:
ఇంతకుముందు ఏమైనా చెల్లించారా?

మంత్రదండం:
నిన్న ఉదయం 'పరిశీలన రుసుము' అంటే యూపీఐలో 18,000 పంపాను. ఇక్కడి ఖాతాకే. వాళ్ల భారత ప్రతినిధిదన్నారు. డాలర్ల సంగతి వేరని దాని గురించి రాయలేదు.

లెక్కలపద్దు:
వేరు కాదు, అన్నిటికంటే ముందు చెప్పాల్సింది అదే! వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. లావాదేవీ సంఖ్య దగ్గర పెట్టుకోండి. అవతలి ఖాతాలో డబ్బు ఇంకా ఉంటే నిలిపివేయించే వీలుంది, ప్రతి గంటా విలువైనదే. మీ బ్యాంకుకూ రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ ఉత్తరాలేవీ చెరిపేయకండి.

ముక్కుసూటి:
వాళ్లకు జవాబు ఇవ్వకండి. డబ్బు వెనక్కి ఇప్పిస్తామని ఇంకొకరు ఫోను చేస్తారు. అదీ మోసమే.

అచ్చుగూడు:
ఫోను అయ్యాక ఇంకో పని. సినిమా హక్కులు అసలు మీ చేతిలోనే ఉన్నాయా? ప్రచురణకర్తకు ఏం రాసిచ్చారు?

మంత్రదండం:
2019లో ఒక పేజీ కాగితం. 'ప్రచురణ హక్కులు అమ్మడమైనది' అని ఉంది. గడువు రాయలేదు.

పాతపుస్తకం:
అమ్మడం అంటే అమ్మడమే కదా. ఇల్లు అమ్మాక మళ్లీ అడుగుతామా?

అచ్చుగూడు:
ఇల్లు వేరు, కాపీరైట్ వేరు. 1957 చట్టంలో 19వ సెక్షన్ చూడండి. బదిలీ పత్రంలో గడువు లేకపోతే 5 ఏళ్లుగానే లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. సినిమా, అనువాదం విడివిడి హక్కులు, ఒక్క 'ప్రచురణ' అనే మాటలో అవన్నీ వెళ్లిపోవు. అయినా ఆ కాగితాన్ని న్యాయవాదికి చూపించండి. 'అమ్మడం' అని రాయకండి, 'ఇన్నేళ్లకు అనుమతి' అని రాయండి అని నేను ప్రతి కొత్త రచయితనూ బతిమాలేది ఇందుకే.

పాతపుస్తకం:
అనుమతి అన్నా, హక్కు ఇవ్వడం అన్నా వాడుకలో ఒకటే.

అచ్చుగూడు:
వాడుకలో ఒకటే కావచ్చు, సంతకం పెట్టిన కాగితం మీద కాదు.

మంత్రదండం:
1930కి చేశాను. ఫిర్యాదు సంఖ్య ఇచ్చారు. ఎ2 ఫారం రద్దు చేసుకున్నాను. అందరికీ ధన్యవాదాలు. ఆ 2019 కాగితం వెతకాలి.

పాతపుస్తకం:
ఉప్పు కార్మికుల నవల ఎక్కడ దొరుకుతుంది? తెలుగు ప్రతి కావాలి.