తుపాను దెబ్బతిన్న ఊరికి మూడు లక్షలు: కంప్యూటర్ గదా, జనరేటరా?

జీడిపిక్క:
అందరికీ నమస్కారం. హైదరాబాదులో ఉంటున్న మా ఊరివాళ్లం కలిసి మూడు లక్షలు పోగు చేశాం. మాది ఉద్దానం, వజ్రపుకొత్తూరు మండలం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే మా కొబ్బరితోటలు, జీడితోటలు నేలమీద ఉన్నాయి. కరెంటు రావడానికి రెండు వారాల పైనే పట్టింది.

ఊళ్లో రామమందిరం పక్కన ఒక గది ఖాళీగా ఉంది. అందులో నాలుగు కంప్యూటర్లు, నెట్ కనెక్షన్ పెట్టి, ఊళ్లో ఇద్దరికి నేర్పిద్దామని నా ఆలోచన. సగం మంది మాత్రం జనరేటర్ కొందాం అంటున్నారు. నేను కంప్యూటర్ల వైపు ఎందుకున్నానంటే, తిత్లీ తర్వాత పరిహారం జాబితాలో పేరుందో లేదో చూసుకోవడానికి మా పెదనాన్న నాలుగుసార్లు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. పేరుంది, డబ్బు పడలేదు. చివరికి తేలిందేమిటంటే బ్యాంకు ఖాతా నెంబర్లో ఒక్క అంకె తప్పు. 8 బదులు 3. ఆ అంకె ఊళ్లోనే ఎవరైనా చూసి చెప్పగలిగితే ఆయనకు అన్ని ఆటోచార్జీలు, అన్ని కూలిరోజులు మిగిలేవి కదా?

బీలగట్టు:
తమ్ముడూ, కోపం తెచ్చుకోకు. కంప్యూటర్లు మాత్రం వద్దు.

ఒక వరద తర్వాత మా ఊరికి ఎవరో వచ్చి ఐదు కంప్యూటర్లు ఇచ్చారు. రిబ్బను కత్తిరించారు, ఫొటోలు దిగారు, వెళ్లిపోయారు. మొదటి వేసవికే యూపీఎస్ బ్యాటరీ పోయింది. కొత్తది కొనడానికి ఎవరి దగ్గరా పద్దు లేదు. ఉప్పుగాలికి రెండేళ్లలో లోపలంతా తుప్పు. ఇప్పుడు ఆ గదిలో జీడిగింజల బస్తాలు పెడుతున్నారు. మానిటర్ మీద ఎవరో మర్యాదగా పాత చీర కప్పారు, అది ఇంకా అలాగే ఉంది.

ఇంకో మాట. మన రాష్ట్రంలో ప్రభుత్వం ఇచ్చే నెట్, అంటే ఫైబర్‌నెట్ తీగను ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే లాగారు, ఖర్చు తగ్గుతుందని. స్తంభం పడితే కరెంటూ పోతుంది, నెట్టూ పోతుంది. కావాల్సిన రోజున లేని వస్తువు మీద మూడు లక్షలా?

సగం_పలాస:
జనరేటర్లో డీజిల్ ఎవరు పోస్తారో కూడా చెప్పండి అన్నా. రోడ్డు మీద చెట్లు పడి ఉంటే బంకు దాకా ఎలా వెళ్తారు?

టవర్_మనిషి:
సెల్ టవర్ల మెయింటెనెన్స్‌లో పనిచేశాను, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలోనే ఉన్నాను. కాబట్టి కాస్త చెప్పగలను.

టవర్ కూలడం తక్కువ. కరెంటు పోతే టవర్ బ్యాటరీ మీద కొన్ని గంటలు నడుస్తుంది, తర్వాత డీజిల్ జనరేటర్. డీజిల్ పోయాల్సిన మనిషి చెట్లు నరుక్కుంటూ రావాలి. అతను వచ్చేసరికి అటు టవర్‌కు సిగ్నల్ తెచ్చే ఫైబర్ తీగ తెగి ఉంటుంది. అందుకే మూడో రోజో నాలుగో రోజో సిగ్నల్ ఒక్కో గీతగా తిరిగొస్తుంది. అసలు తమాషా అప్పుడే. సిగ్నల్ వచ్చింది, ఊళ్లో ఒక్క ఫోన్లో కూడా చార్జింగ్ లేదు. ఎవరో ట్రాక్టర్ బ్యాటరీకి వైర్లు తగిలించి ఫోనుకు ఇరవై రూపాయలు తీసుకుంటారు. జనం వరసలో నిలబడి ఇస్తారు కూడా.

నా సలహా: జనరేటరూ వద్దు, నాలుగు కంప్యూటర్లూ వద్దు. రెండు సోలార్ ప్యానెళ్లు, మంచి బ్యాటరీ, ఇరవై ఫోన్లు ఒకేసారి పెట్టుకునే చార్జింగ్ బోర్డు. గాలి మొదలవక ముందే ప్యానెళ్లు విప్పి లోపల పెట్టుకునేలా బిగించాలి, లేకపోతే అవి పక్క ఊళ్లో దొరుకుతాయి. 2023లో అందరి ఫోన్లూ ఒకేసారి కీచుమని మోగి భయపెట్టాయి గుర్తుందా? ఆ సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరికకు నెట్ అక్కర్లేదు, టవర్ పనిచేస్తూ ఫోన్లో చార్జింగ్ ఉంటే చాలు.

సోంపేట_అక్క:
యంత్రాల సంగతి మీరు తేల్చుకోండి. నేర్పడం గురించి నేను చెప్తాను.

కేంద్ర ప్రభుత్వం 2017లో గ్రామీణ డిజిటల్ సాక్షరతా పథకం పెట్టింది, ఇంటికొకరికి 20 గంటల శిక్షణ. 2024 మార్చితో ముగిసింది. దేశం మొత్తమ్మీద ఆరు కోట్ల మందికి పైగా నేర్చుకున్నారని లెక్క. మా ఊరి బ్యాచ్‌లకు నేనూ నేర్పాను. మౌస్ పట్టుకోవడం, కీబోర్డులో ఏ మీట ఎందుకు, ఇలా. మా ఊళ్లో అప్పటికి మౌస్ ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. పరీక్ష పాసైనవాళ్లు మాత్రం చాలామందే ఉన్నారు.

ఒక డ్వాక్రా గ్రూపు ఆవిడ మూడు రోజులు వచ్చి మానేసింది. ఎందుకమ్మా అంటే, "నా కొడుకు ఓడ మీద ఉన్నాడు, వాడు పంపిన డబ్బు పడిందో లేదో మెసేజ్ చదవడం నేర్పుతావా, ఇదంతా నాకెందుకు" అంది. ఆ సాయంత్రం వాళ్ల అరుగు మీద కూర్చుని నేర్పాను. "క్రెడిటెడ్" అనే మాట ఎలా ఉంటుందో కాగితం మీద బొమ్మలా గీసుకుంది. తుపాను పరిహారం వచ్చే రోజుల్లో ఎవడో ఫోన్ చేసి ఓటీపీ అడిగితే, "నా కొడుక్కే చెప్పను, నీకు చెప్తానా" అని పెట్టేసింది. నా 20 గంటల సిలబస్‌లో ఆ జవాబు లేదు!

కాబట్టి గది కంటే ముందు నేర్పే మనిషికి నెలకింత అని జీతం పెట్టండి. జీతం లేని సేవ సంక్రాంతి దాకా నడుస్తుంది.

గోదారి_యానాం:
నాది యానాం, ఉద్యోగం పుదుచ్చేరిలో. ఇక్కడ జరిగింది చెప్తాను.

1998లో వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ పెట్టిన ఫౌండేషన్ పుదుచ్చేరి పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టడం మొదలుపెట్టింది. విల్లియనూరులో ముఖ్య కేంద్రం. వీరంపట్టిణం అనే జాలరి ఊళ్లో, అమెరికా నేవీ వెబ్‌సైటులో అలల ఎత్తు చూసి, దాన్ని తమిళంలో మైకులో చదివేవారు. వేటకెళ్లేవాడికి కంప్యూటర్ ముట్టుకోవాల్సిన పనే లేదు, చెవులుంటే చాలు.

నల్లవాడు అనే ఇంకో ఊళ్లో కూడా అలాంటి కేంద్రం ఉంది. 2004 డిసెంబరు 26న సింగపూర్లో ఉన్న ఆ ఊరి అబ్బాయి టీవీలో సునామీ వార్త చూసి ఇంటికి ఫోన్ చేశాడు. ఊరివాళ్లు కేంద్రం తలుపు బద్దలుకొట్టి, మైకులో అందర్నీ పారిపొమ్మన్నారు. ఇళ్లు పోయాయి, పడవలు పోయాయి. మూడున్నర వేల పైచిలుకు జనం బతికారు.

బీలగట్టు:
చూశారా! కాపాడింది ఫోనూ మైకూ. కంప్యూటర్ ఏం చేసింది?

గోదారి_యానాం:
నిజమే బాబాయ్. కానీ గుడి మైకులో పాటలొస్తే ఎవరైనా పరిగెడతారా? పనికొచ్చే మాట చెప్తుందని పేరున్న మైకు కాబట్టి పరిగెత్తారు. ఆ పేరు వెనక ఉన్నది కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి. ఇప్పుడైతే అలల సమాచారం మన హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచే వస్తుంది, అమెరికా దాకా పోనక్కర్లేదు.

సగం_పలాస:
2019 నుంచి గ్రామ సచివాలయాలున్నాయి, డిజిటల్ అసిస్టెంట్ ఉన్నాడు. మళ్లీ ఇంకో గది ఎందుకో నాకు అర్థం కావట్లేదు.

సోంపేట_అక్క:
పనివేళల్లో ఉంటారు నాన్నా. కూలికెళ్లినవాళ్లు చీకటిపడ్డాకే ఇంటికొచ్చేది.

జీడిపిక్క:
అందరికీ థాంక్స్. మా గ్రూపులో మళ్లీ మాట్లాడాం. నాలుగు కంప్యూటర్లు తీసేశాం. ఒక ల్యాప్‌టాప్, విప్పదీసుకునే సోలార్ ప్యానెళ్లు, బ్యాటరీ, చార్జింగ్ బోర్డు, మైకు సెట్టు. మిగతా డబ్బు బ్యాంకులో వేసి, డ్వాక్రాలో ఇద్దరికి ఏడాదిన్నర జీతం. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. రోజూ మైకులో వాతావరణం, జీడిపిక్కల ధర. జనరేటర్ పార్టీవాళ్లు ఇంకా అలిగే ఉన్నారు.

బీలగట్టు:
ఏడాదిన్నర తర్వాత?

జీడిపిక్క:
మళ్లీ చందాలే బాబాయ్. ఇంకో దారి దొరకలేదు.

బీలగట్టు:
ఇది మాత్రం ఒప్పుకున్నావు, సంతోషం. సరే, ఇంకొకటి చెప్పు. గది తాళం ఎవరి దగ్గర?

జీడిపిక్క:
ప్రెసిడెంటు గారి దగ్గర అనుకున్నాం.

గోదారి_యానాం:
ఆయనిల్లు గదికి ఎంత దూరం?

జీడిపిక్క:
ఆయన పలాసలో ఉంటారు... సరే, అర్థమైంది. రెండు తాళంచెవులు చేయిస్తాం. ఒకటి రామమందిరం ఎదురింటి పిన్ని దగ్గర పెడతాం.